రెండో పక్క ఆఖరి పాట

మా అన్నకు ఎర్ర నూలు కావాలంటే 'ఎర్ర నూలు ఇయ్యి' అని అడగడు. "ఎర్రమిరప కుప్పమీద ఎండ కునుకు తీసె" అని పాడతాడు. నేను ఎర్ర కండె అందిస్తాను. చాయ్ తాగాలనిపిస్తే "చక్కెర లేని చాయలోన సక్కని మొకమాయె" అంటాడు. నేను లేచి పోయి చాయ్ చెప్పి వస్తాను. నా చేయి ముందుకు ఉరికి ఆయన వెనకబడితే "ఆగని బస్సు ఎనక ఉరికినోళ్ళమే మనము" అని ఎత్తుకుంటాడు. నేను ఆగుతాను. ఇట్లా పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే మగ్గం మీద, ఒకే పలక మీద పక్కపక్కన కూర్చునే మేమిద్దరం ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క మాట మాట్లాడుకోలేదు. పాటలు మాత్రం పాడుకున్నాం.

నవ్వాలనిపిస్తే నవ్వండి. మా కొత్తవాడ మొత్తం నవ్వింది, నవ్వీ నవ్వీ విసుగొచ్చి మానేసింది. మా వదిన అయితే మా ముఖం మీదే అనేది: "ఇద్దరికీ తలకాయలున్నయి. తలకాయలల్లనే ఏం లేదు."

మాట్లాడకపోతే పోయింది, పాటలెందుకు అంటారేమో. మేం నేసేవి పెద్ద జంపఖానాలు. అంత వెడల్పుకు ఒక మనిషి చేతులు చాలవు. ఎడమ సగం అన్నది, కుడి సగం నాది. సరిగ్గా మధ్యలో ఒక పువ్వు వస్తుంది. దాని సగం రేకులు ఆయన నేస్తాడు, సగం నేను. ఒకడు రెండు వరసలు ముందుకు పోయాడంటే ఆ పువ్వుకు మూతి వంకర. అందుకని మగ్గం మీద ఇద్దరికీ ఏదో ఒక భాష ఉండాలి. మాకున్న భాషను ఒక పాటగాడు రాసిపెట్టాడు, ఆయనకు తెలియకుండానే.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు, తెలియదంటే నాకు కోపం వస్తుంది. రాసేదీ ఆయనే, బాణీ కట్టేదీ ఆయనే, పాడేదీ ఆయనే. జీవితంలో రెండే క్యాసెట్లు వేశాడు. మొదటి దాని అట్ట మీద ఎవరిదో మోటారు సైకిల్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. హ్యాండిల్ మీద చేయి వేసిన తీరు చూస్తేనే అది ఆయనది కాదని తెలిసిపోతుంది. వరంగల్ బస్టాండు ముందర తోపుడుబండి మీద ఆ క్యాసెట్‌ను అన్న కొనుక్కొచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. అన్నకు ఇరవై రెండు. ఆ సాయంత్రం విన్నది ఇప్పటిదాకా వింటూనే ఉన్నాను.

పదిహేనేళ్ళప్పుడు ఆ ఆగని బస్సు పాట పూర్తిగా నా గురించే అనుకున్నాను. హన్మకొండ పోయే బస్సులో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. నేను నిజంగానే ఆ బస్సు వెనక ఉరికాను, ఒక చెప్పు కూడా పోగొట్టుకున్నాను. ఆ అమ్మాయి ఒక్కసారీ వెనక్కి చూడలేదు. ఇరవై అయిదు నిండి పెళ్ళయ్యాక అదే పాట వింటే చేజారిన పనులు, దొరకని ఉద్యోగాలు గుర్తొచ్చేవి. బిడ్డ పుట్టి అది గడపలు దాటి ఉరికే వయసొచ్చాక, ఆ బస్సు మా బిడ్డే అనిపించింది. అన్నకు ఈ గోల ఏమీ లేదు. "బస్సంటే బస్సేరా. ఆయన బస్సు అందుకోలె. గంతే," అనేవాడు. అప్పట్లో మాట్లాడేవాడు కదా.

ఆ పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మేక పాట. "మేక తిన్నది రేషన్ కార్డు, మేము తింటిమి మేకను" అని మొదలవుతుంది. చివరికి కొత్త కార్డు కోసం ఆఫీసుకు పోతే, పాత కార్డు చూపించమంటారు. మేక కడుపులో ఉందంటే మేకను తెమ్మంటారు. చిన్నప్పుడు పడీ పడీ నవ్వాను. ఆ తర్వాత మా అమ్మ పింఛను కోసం నేను స్వయంగా ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు, వరండాలో నిలబడి ఆ పాట పాడుకొని ఏడ్చినంత పని చేశాను. మనిషి మారుతుంటే పాట కూడా మారుతూ వెంట వస్తుందేమో, నాకు తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండో క్యాసెట్ వచ్చిన ఏడాది ఆ పాటగాడు వరంగల్‌లో ఏదో సభకు వచ్చాడు. అన్న మగ్గం ఆపి పోయి, మూడు గంటలు ఎండలో నిలబడి, ఆయన చేత క్యాసెట్ కాగితం మీద రాయించుకున్నాడు. 'నూలుతోని పాడే తమ్మునికి' అని రాసిచ్చాడాయన. అన్న ఆ క్యాసెట్‌ను రేషన్ కార్డూ, ఇంటి కాగితాలూ ఉన్న రేకు పెట్టెలో పెట్టుకున్నాడు. మేక భయం ఉండె కావచ్చు. పండక్కి తప్ప బయటకు తీయలేదు.

నాకేమో అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా ఒక పిచ్చి వదల్లేదు. నేనూ పాటలు రాస్తాను, నేనూ బాణీ కడతాను, నేనూ పాడతాను. మా ఆవిడ కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆ బెంగలో ఒక పాట కట్టాను. "సైకిలుకేమో గాలి లేదు, పక్కన సూస్తె నువ్వు లేవు." దాన్ని ఆ పాటగాడి పక్కన నిలబెట్టాలని నాకు మహా కోరిక. రెండో క్యాసెట్ రెండో పక్కన ఆఖరి పాట అయిపోయాక కాస్త ఖాళీ టేపు ఉంటుంది కదా, ఆ కొసకు నా పాట ఎక్కిస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. వేరే ఖాళీ క్యాసెట్ కొనుక్కోవచ్చు కదరా అంటారు మీరు. అంత బుద్ధే ఉంటే ఈ కథ ఎందుకుండేది?

కొన్న క్యాసెట్ మీద ఎవరూ రికార్డు చేయకుండా కంపెనీవాళ్ళు దాని వీపు మీద చిన్న ముక్క విరిచి గుంట పెడతారు. ఆ గుంటలో ఏదైనా కుక్కితే మళ్ళీ రికార్డవుతుంది. అన్న నూలు తేవడానికి పోయిన పూట చూసి, పెట్టె తెరిచి, ఎర్ర నూలు ఉండ చుట్టి ఆ గుంటలో కుక్కాను. పెన్సిల్ పెట్టి టేపు తిప్పాను, అందాజాగా. రెండు బటన్లూ ఒక్కసారి నొక్కి కళ్ళు మూసుకొని పాడాను. మధ్యలో దగ్గొచ్చింది. దగ్గాక మళ్ళీ అందుకుందామనేలోపు వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "చిన్నోడా, అన్నం సల్లారుతాంది. తినవేందిరా?" అది కూడా ఎక్కింది. తర్వాత నేను పాట పూర్తి చేసి, పోయి తిన్నాను. ఆ ఆఖరి పాట పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిందని నాకు తెలియనే తెలియదు. నా అందాజా అట్లాంటిది.

దసరా వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. అన్న క్యాసెట్ బయటకు తీసి, "ఆఖరి పాట ఒక్కటి వినుండ్రి, పాణం లేచొస్తది," అని అందరినీ కూర్చోబెట్టి బటన్ నొక్కాడు. టేపు రికార్డర్‌లోంచి నేను వచ్చాను. సైకిలుకు గాలి లేదన్నాను. నువ్వు లేవన్నాను. దగ్గాను. అమ్మ అన్నం తినమంది. ఆ అమ్మ అక్కడే పీట మీద కూర్చుని ఉంది. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవలురా ఇది?" అన్నాడు అన్న.

"నాకేం ఎరుక?" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. 'నేనే అన్నా, తప్పైంది' అంటే రెండు తిట్లు తిట్టేవాడు, మహా అంటే ఒక దెబ్బ వేసేవాడు, సాయంత్రానికి అయిపోయేది. అందరూ నన్నే చూస్తున్నారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "రేడియో కలిసినట్టుంది," అన్నాను.

"రేడియోల మన అమ్మ నిన్ను అన్నం తినమంటదారా?"

"అమ్మలందరూ గట్లనే అంటరు."

అన్న క్యాసెట్ బయటకు తీసి ఆ గుంటలోంచి ఎర్ర నూలు ఉండను గోటితో లాగి నా అరచేతిలో పెట్టాడు. అప్పుడైనా ఒప్పుకోవాలా? వద్దా? నేను మగ్గం దగ్గరకు పోయి, మేం వరస వరసకూ నూలును కొట్టి కూర్చే ఇనుప పంజా పట్టుకొచ్చి, దాని మీద చేయి పెట్టి ఆ గొంతు నాది కాదని ఒట్టేశాను. మాలో పంజా మీద ఒట్టంటే మాటలు కాదు. అన్నం పెట్టే చేయి అది. అన్న ముఖం తెల్లబడిపోయింది.

"మంచిది," అన్నాడు. "గా గొంతు ఎవనిదో వాడు దొరికినంక నాతోటి మాట్లాడు. అప్పటిదాంక నీకు నాకు మాటల్లేవ్."

అవే ఆఖరి మాటలు. తెల్లారి ఇద్దరం మగ్గం మీద కూర్చున్నాం. పెళ్ళి హాలువాళ్ళ జంపఖానా సగంలో ఉంది, అది ఆగదు కదా. పువ్వు దగ్గరకు వచ్చేసరికి అన్నకు ఎర్ర నూలు అయిపోయింది. నా వైపు చూడడు, నోరు తెరవడు. కాసేపు గింజుకొని, గోడను చూస్తూ ఎర్రమిరప పాట ఎత్తుకున్నాడు. నేను కండె అటు తోశాను. అంతే, భాష పుట్టింది. వారంలో చాయ్ పాట వచ్చింది. నెలలో మేక పాట వచ్చింది, అంటే భోజనానికి లేద్దాం అని. మేడ మీద ఆరేసిన నూలు ఉండగా మబ్బు పడితే "వాన నన్ను అడిగిందా ఇంట్లకు నేను రానా అని" పాడితే చాలు, ఇద్దరం చెరో మెట్టు మీద ఉరికేవాళ్ళం.

ఒకసారి ఎక్కడో డిజైన్ కాలేజీలో చదివే పిల్ల కెమెరా పట్టుకొని వచ్చింది. నేతగాళ్ళ పనిపాటలు రికార్డు చేస్తుందట. సరిగ్గా ఒంటిగంటకు అన్న మేక పాట అందుకున్నాడు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "ఇది ఎన్ని తరాల నుంచి పాడుతున్నారండీ? దీని అర్థం ఏంటి?" అంది.

"అన్నం తిందాం అని," అన్నాడు అన్న.

ఆమె 'నైవేద్యమా?' అని రాసుకొని నా వైపు తిరిగి, "మీరు చెప్పండి, మేక దేనికి ప్రతీక?" అంది. నేను అప్పటికే చేతులు కడుక్కుంటున్నాను.

ఇంట్లో వాట్సాప్ గ్రూపుంది. పొద్దున్నే అన్న అందరికీ గులాబీ పువ్వు పంపుతాడు. ఆ 'అందరికీ'లో నేను ఉన్నానో లేనో తెలియక ఏళ్ళ తరబడి జవాబివ్వలేదు. ఇంజనీరింగ్ చదివే మా బిడ్డ ఒకసారి, "నాన్నా, పెద్దనాయినకు సారీ అని ఒక్క మెసేజ్ పెట్టరాదు?" అంది. "నీకు తెలువదు తియ్," అని కసిరాను. నాకే తెలియదని దానికి తెలుసు.

అమ్మ పోయి ఏడేళ్ళవుతుంది. దవాఖానలో పడుకున్నప్పుడు ఇద్దరినీ మంచానికి చెరో వైపు నిలబెట్టి, "నా ముంగటన్న మాట్లాడుండ్రిరా," అంది. నేను సెలైన్ సీసాను చూశాను. అన్న కిటికీ చూశాడు. చూసీ చూసీ, "చక్కెర లేని చాయలోన" అన్నాడు. నేను చాయ్ తెచ్చాను. అమ్మ నుదురు కొట్టుకుంది. "గిదేనారా మాట్లాడుడు?" అంది.

నాలుగో రోజు పొద్దున నేను ఇంటి నుంచి సద్ది డబ్బా పట్టుకొని వార్డు దగ్గరకు వచ్చేసరికి అన్న తలుపు బయట నిలబడి ఉన్నాడు. నేను లోపలికి పోబోతుంటే, "ఆగని బస్సు ఎనక" అన్నాడు. అంతవరకే వచ్చింది. మగ్గం మీద దాని అర్థం ఆగమని. నేను ఆగాను. తర్వాత ఇద్దరం ఒకే గోడకు ఆనుకొని ఏడ్చాం, కానీ మాట్లాడుకోలేదు. అప్పుడు కూడా మాట్లాడలేదంటే మమ్మల్ని ఏమనాలో మీరే అనండి.

అమ్మ పోయిన తర్వాత అన్న ఎవరో ముసలి మెకానిక్‌ను వెతికి పట్టుకొని ఆ పాత టేపు రికార్డర్ బాగు చేయించి మేడ మీది గదిలో పెట్టుకున్నాడు. పొద్దున్నే తలుపు వేసుకొని ఆ రెండో క్యాసెట్ వింటాడని వదిన మా ఆవిడతో అంది. నాకు ఒళ్ళు మండింది. ఎంత పగ! రోజూ లేవగానే నా తప్పును ఒకసారి విని, కోపం కొత్తగా ఎక్కించుకొని మగ్గం మీదకు వస్తున్నాడన్నమాట. ఆ గది వైపు నేను పోలేదు.

మొన్న ఎండాకాలంలో అన్న నడుము పట్టేసింది. డాక్టరు ఫోటో తీసి, ఎముకలు అరిగాయి, ఇక మగ్గం మీద కూర్చోవద్దు అన్నాడు. మగ్గం మీదున్నది ఒక్కటి దింపి మానేస్తానని అన్న వదినతో చెప్పాడు. వదిన మా ఆవిడతో, మా ఆవిడ నాతో చెప్పింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పని పోతుందని కాదు. మగ్గం ఆగితే మాకు భాష ఆగిపోతుంది. ఎర్ర నూలుతో పని లేనప్పుడు ఎర్రమిరప పాట ఎందుకు పాడతాడు? ఒకే ఇంట్లో కింద ఒకడు, మీద ఒకడు, చచ్చేదాకా గుడ్లప్పగించి చూసుకోవాలి. మగ్గం మీద ఇంకా రెండు మూరలే మిగిలింది. ఆ రెండు మూరలలోపు అన్నకు 'తప్పు నాదే' అని చెప్పాలి.

నోటితో చెప్పలేను. ప్రయత్నించాను, చెబుతున్నాను. పక్కన కూర్చొని నోరు తెరిచాను, ఆవలింత వచ్చింది. పోనీ పాటతో చెబుదామంటే, నాకు గుర్తున్న ఆ పాటగాడి పాటలన్నీ వెతికినా తప్పైందని చెప్పే పాట ఒక్కటీ లేదు. మేకలున్నాయి, బస్సులున్నాయి, వానలున్నాయి. మాఫీ లేదు. రాయాల్సినవాడు రాయకపోతే మేమేం చేయాలి? నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆయన పాలకుర్తిలో గుట్ట కింద కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నాడని విన్నాను. ఒక పాట రాయించుకొస్తానని పాలకుర్తి బస్సెక్కాను.

గుడ్డ పందిరి కింద కొబ్బరికాయల కుప్ప వెనక కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నా జీవితమంతా నోట్లో నానిన మనిషి. కాళ్ళకు మొక్కుదామని వంగాను.

"ఎన్ని కాయలు?" అన్నాడు.

"కాయలు గాదన్నా, పాట గావాలె."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసి, పక్కన ముక్కాలి పీట జరిపాడు. నేను చేసిన తప్పేంటో దాచి మిగతాదంతా చెప్పాను. వచ్చేపోయే భక్తులకు కాయలు ఇస్తూనే విన్నాడు. ఎర్రమిరప పాట దగ్గర ఆపాడు.

"ఆగాగు. అది నా పెండ్లాం మీద రాసిన పాట తమ్మీ. మిరపకాయల మార్కెట్ల చూసిన ఆమెను మొదటిసారి. మీరు దాంతోటి నూలు తెప్పిచ్చుకుంటాన్రా?"

"ఎర్ర నూలొక్కటే అన్నా," అన్నాను తల దించుకొని. "మిగతా రంగులకు వేరే ఉన్నయి."

ఆయన భుజాలు ఎగరడం మొదలైంది. నవ్వీ నవ్వీ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆమె ఉంటే చెప్తుంటిని," అన్నాడు. "ఇన్నేండ్లు పొద్దుమాపు పనికొచ్చిందే! నేను క్యాసెట్లన్నీ ఎలుకలు తిన్నయనుకున్న."

"తప్పు ఒప్పుకునే పాట ఒక్కటి రాసియ్యి అన్నా. రెండు లైన్లు చాలు."

"అది రాసిన గదా," అన్నాడు. "మా అన్నతోటి నేనూ కొట్లాడిన. ఆయన మీద రాసిన. రెండో క్యాసెట్, రెండో పక్క, ఆఖరి పాట."

నాకు గుట్ట తిరిగినట్టయింది.

"పాడు అన్నా, నేర్చుకొనిపోత."

"నాకెక్కడ యాదికున్నది? రాసిన పుస్తకం లేదు, క్యాసెట్ లేదు. మీ దగ్గర ఉన్నదంటివి గదా. మీ అన్ననే అడిగి, విని నాకు గూడ చెప్పు."

మాఫీ పాట మీదనే నా సైకిల్ ఎక్కించానని ఆ మనిషికి ఎట్లా చెప్పాలి? చెప్పాను. పంజా మీద ఒట్టు కూడా చెప్పాను. అప్పటికి చెప్పడం కాస్త అలవాటైంది. ఆయన కోపం చేయలేదు. కొబ్బరికాయ ఒకటి చేతిలో తిప్పుతూ, "ఏది, నువ్వు ఎక్కిచ్చింది పాడు, వింట," అన్నాడు.

పాలకుర్తి గుట్ట కింద, నాకు పాటంటే ఏంటో నేర్పిన మనిషి ముందు కూర్చొని, సైకిలుకేమో గాలి లేదు అని పాడాను. మెట్లు దిగి వస్తున్న ఒక పెద్దమ్మ జాలిగా చూసి నా చేతిలో అరటిపండు పెట్టిపోయింది. పాట అయ్యాక ఆయన చాలాసేపు కుప్పలోని కాయలు సర్దాడు.

"తమ్మీ," అన్నాడు, "గిది నీది గాదని పంజా మీద ఒట్టేసినవా?"

"ఏసిన."

"ఎట్లేసినవయ్యా? గిసోంటి పాట ఇంకెవలదైతది? ఎవలు ఒప్పుకుంటరు?"

తిరుగు బస్సులో అరటిపండు తిన్నాను. చెప్పాల్సిన మాటను ఆయన పాటల్లోనే వెతుక్కున్నాను కానీ, అన్న అడిగింది ఆయన పాట కాదు. ఆ గొంతు ఎవడిదో వాణ్ణి తెమ్మన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా అడుగుతున్నది అదొక్కటే. బస్సు వరంగల్ చేరేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మగ్గం మీద కూర్చునేసరికి జానెడు మిగిలి ఉంది. అన్న నడుముకు బెల్టు కట్టుకొని, పంటి కింద నొప్పి నొక్కిపెట్టి నేస్తున్నాడు. ఎర్రమిరప పాట పాడాడు. కండె ఇచ్చాను. మళ్ళీ ఎర్ర నూలు అక్కర రాదు, అదే ఆఖరి పువ్వు. పంజా మీద చేయి వేసి గోడను చూస్తూ మొదలుపెట్టాను.

"సైకిలుకేమో గాలి లేదు..."

అన్న చేయి పడుగు దారాల మధ్య ఆగిపోయింది. నేను ఆపలేదు. పక్కన సూస్తె నువ్వు లేవు అన్నాను. శ్రుతి ఎప్పుడో పోయింది, అసలు రాలేదేమో. రెండో చరణం సగంలో, సరిగ్గా అప్పుడు దగ్గిన చోటనే, దగ్గాను. ఈసారి దగ్గు దానంతట అది రాలేదు, నేనే తెచ్చుకున్నాను. దగ్గాక ముందుకు పోలేకపోయాను. ఆ చోట పాట ఉండదు కదా.

అన్న మగ్గం మీంచి కళ్ళెత్తలేదు.

"చిన్నోడా," అన్నాడు. "అన్నం సల్లారుతాంది. తినవేందిరా?"

మాటా అమ్మదే, సాగదీతా అమ్మదే. వందలసార్లు విన్నవాడు తప్ప అట్లా అనలేడు. మేడ మీద గదిలో పొద్దున్నే ఆయన ఏం వింటున్నాడో నాకు అప్పుడు తెలిసింది. "అన్నా, నేనే," అన్నాను. "నేనే అన్నా. తప్పైంది." తర్వాత ఏడ్చాను. యాభైకి దగ్గర పడ్డ మనిషిని, పంజా పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"ఇంత లేటా?" అన్నాడు. "పంజా కింద పెట్టు. కాలు మీద పడుతది."

వదిన వంటింట్లోంచి ఉరికి వచ్చి, "ఎవలు మాట్లాడిన్రు?" అంది. మా ఆవిడ చేతిలో పిండితోనే వచ్చింది. అప్పటికి పదిన్నర కూడా కాలేదు. టిఫిన్ తిని గంట అయింది, ఎవరికీ ఆకలి లేదు. అయినా ఇద్దరం లేచి పోయి, కంచాలు పెట్టించుకొని కూర్చున్నాం. అన్న నడుము నొప్పికి పీట మీద, నేను కింద.

రెండు ముద్దలు దిగాక అడిగాను. "అన్నా, నేను చెరిపిన పాట నీకు యాదికున్నదా? ఆయన గూడ అడుగుతాండు. ఆయనకే యాదికి లేదట."

అన్న నములుతూ ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు.

"లేదురా," అన్నాడు. "నిజం చెప్పాల్నంటే గది పెద్ద మంచిగేం లేకుండె. నీ దాంట్ల అమ్మన్న ఉన్నది."

వదిన ఇద్దరికీ ఇంకో గరిటెడు పప్పు వేసింది.